దర్వాజకు పెట్టిన పసుపు

రాజలింగుకు గాలంటే భయం పట్టుకుంది. దయ్యం గాలి కాదు, మామూలు గాలే. మే నెల చంద్రపూర్‌లో ఆకు కదిలితే చాలు, జనం చేతులెత్తి మొక్కుతారు. ఈ మనిషి మాత్రం తుకుం బజార్లో ఎక్కడ ఫ్లెక్సీ టపటపమన్నా కూర్చున్నచోటి నుంచి లేచి, అప్పలనర్సయ్య సేటు కొత్త బట్టల షోరూం వైపు పరుగెత్తేవాడు. రోడ్డు మీద నిలబడి, దర్వాజ పైన ఉన్న పెద్ద అద్దాన్ని తలెత్తి చూసేవాడు. అది అక్కడే ఉండేది. ఊపిరి వదిలి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే మళ్లీ గాలి లేచేది.

ఆ అద్దం అతికించింది అతనే. అది సరిగా అతుక్కోలేదని తెలిసినవాడూ అతనొక్కడే.

ఆ ఏడాది ఊరికి అద్దాల జ్వరం వచ్చింది. అంతకు ముందు ఇనుప షట్టరూ దాని మీదో రంగు బోర్డూ ఉంటే అది దుకాణం. ఇప్పుడు చెప్పులమ్మేవాడికీ అద్దాల ముఖం కావాలి, పళ్లు పీకే డాక్టరుకూ కావాలి. లోపల సరుకు లేకపోయినా సరే, బయట నుంచి లోపల లేదన్న సంగతి మెరుస్తూ కనబడాలి. కిటికీలూ తలుపులూ చేసుకు బతికే రాజలింగు లాంటి అల్యూమినియం మేస్త్రీలకు తిండి తినే తీరిక లేకుండా పోయింది.

ఆ జ్వరానికి కారణాలేమిటో నాగపూర్ నుంచి వచ్చిన రామనాథం వివరంగా చెప్పాడు. అతను సిలికాన్ కంపెనీ మనిషి. ట్యూబుల్లో వచ్చే నల్లటి జిగురు, గన్నుతో ఒత్తితే పేస్టులా వచ్చి ఆరాక రబ్బరులా మారేది, దాన్ని అమ్ముతాడు. మేస్త్రీలు పదిహేనుమందిని హోటల్లో కూర్చోబెట్టి, సమోసాలు పెట్టించి, గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు.

"ఒకప్పుడు కిటికీ పెట్టేది గాలి లోపలికి రావడానికి. ఇప్పుడు పెట్టేది ఏసీ గాలి బయటికి పోకుండా ఉండడానికి. సందు ఉన్నచోటల్లా సిలికాన్ కావాలి. మీ ఊరి ఎండ నలభై ఏడు. లప్పం రెండు వేసవులకే పగిలిపోతుంది, రబ్బరు బిగుసుకుపోతుంది, ఇది మాత్రం సాగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. బొగ్గు దుమ్మును లోపలికి రానివ్వదు. రేపు ఇళ్ల మీద సోలార్ పలకలొస్తాయి, వాటికీ ఇదే. ఇంకో మాట. పెన్‌గంగ అవతల కొత్త రాష్ట్రం వస్తోంది. ఆసిఫాబాద్, మంచిర్యాల దాకా ప్రతి దుకాణం ముఖం మార్చుకుంటుంది. అప్పుడు సరుకు ఉంటుంది గానీ పెట్టడం తెలిసిన చేతులు దొరకవు."

చివర్లో బొమ్మలు ఆపేసి, గొంతు తగ్గించి ఇంకొకటి చెప్పాడు. "పట్టంతా తుడవడంలోనే ఉంది. స్పిరిట్ గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి. వేలిముద్రంత నూనె ఉన్నా అక్కడ పట్టదు. పెళ్లిలో అయ్యగారు మంత్రం మర్చిపోయినా కాపురం సాగుతుంది. మీరు తుడవడం మర్చిపోతే అద్దం నిలవదు."

ఆ పదిహేనుమందిలో ఆ మాటను కాగితం మీద రాసుకున్నది రాజలింగు ఒక్కడే. తెలుగు రాయడం రాదు కాబట్టి మరాఠీలో రాసుకున్నాడు. రామనాథం అది చూసి ముచ్చటపడ్డాడు. అప్పలనర్సయ్య సేటు షోరూం ముఖం రాజలింగు చేతిలో పెట్టించాడు. "ఇది బాగా కుదిరితే నది అవతలి పనులన్నీ నీవే" అన్నాడు. షోరూం జూన్ రెండున తెరవాలి. కొత్త రాష్ట్రం పుట్టే రోజే తన దుకాణమూ పుట్టాలని సేటు పట్టుదల. సేటు బంధువులు సగం మంది అవతలి గట్టు వాళ్లే.

మొదటి చట్రం ఎత్తే రోజు భూదేవి వచ్చింది. రాజలింగు భార్య. చేతిలో ఇత్తడి గిన్నె, అందులో నువ్వుల నూనెతో ముద్దగా కలిపిన పసుపు.

"ఇదేందే" అన్నాడు రాజలింగు.

"దర్వాజ ఎత్తుతున్నవు గద. పసుపు పెట్టకుంట ఎట్ల ఎత్తుతవు?"

"ఇది దర్వాజ గాదే. అద్దం పెట్టే చట్రం."

"దర్వాజ మీద నిలబడేది దర్వాజ కాకపోతె ఏందయ్య? పోయిన యాడాది బల్లార్షల ఏ పసుపు పెట్టకుంటనే ఎక్కినవు. పడ్డవు. నీ చేతిల ఇనుపకడ్డి ఇంక అట్లనే ఉన్నది."

పోయిన ఏడాది నిచ్చెన జారి పడ్డప్పుడు మూడు రోజులు అతనికి స్పృహ లేదు. ఆ మూడు రోజులూ ఆసుపత్రి వరండాలో కూర్చున్నది ఆమె. ఆమె పుట్టిల్లు కోర్పనా పక్కన. అక్కడ ఇల్లు కట్టేవాళ్లు దర్వాజ నిలబెట్టే రోజును పెళ్లిలా చేస్తారు. వాళ్ల పెదనాన్న ఇంట్లో దర్వాజ ఎత్తిననాడు ఎవరో తెలియక తడిగుడ్డతో పసుపు తుడిచేశారట, ఏడాది తిరగకుండానే పెదనాన్న పోయాడట. ఈ కథ రాజలింగు పెళ్లయిన నాటి నుంచి పాతికసార్లు విన్నాడు. నమ్మాడా అంటే లేదు. నమ్మలేదా అంటే, ఏమో, చెప్పలేం.

భూదేవి ఆ చట్రం నాలుగు వైపులా గడపకు పూసినట్టు మందంగా పసుపు పూసింది. మూలల్లో కుంకుమ బొట్లు పెట్టింది. పుస్తెలు కళ్లకద్దుకుని వెళ్లిపోయింది.

చట్రాన్ని గోడకు బిగించారు. ఇక అద్దం అతికించాలి. రాజలింగు స్పిరిట్ గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. అతని పనివాడు ఎర్రయ్య గన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. గుడ్డ పసుపు దాకా పోయింది, అక్కడే ఆగింది. ఇంకోసారి పోయింది, మళ్లీ ఆగింది. అది తన ప్రాణానికి పెట్టిన పసుపు. దాన్ని తన చేత్తోనే తుడవాలి. ఆ క్షణంలో అతనికి రామనాథం మాటా గుర్తుంది, పెదనాన్న కథా గుర్తుంది. మనిషికి రెండు భయాలు ఒక్కసారే వస్తే దగ్గరున్నదానికే లొంగుతాడు. అతను పసుపు చుట్టుపక్కలంతా అద్దంలా తుడిచాడు. పసుపును మాత్రం ముట్టుకోలేదు.

"ఒత్తు" అన్నాడు ఎర్రయ్యతో.

నల్లటి జిగురు పసుపును కప్పేసింది. దాని మీద నలభై కిలోల అద్దం ఎక్కింది. జిగురు ఆరేదాకా పట్టి ఉంచడానికి అంచుల్లో నాలుగు ఇనుప క్లిప్పులు బిగించారు. మిగతా చట్రాలన్నీ రాసుకున్న ప్రకారం తుడిచే అతికించారు. కింద నుంచి చూస్తే అన్నీ ఒకే తీరు మెరుస్తున్నాయి.

భయం ఆ మర్నాడు మొదలైంది. తన షెడ్డులో ఓ అల్యూమినియం ముక్క తీసుకుని, ఇంట్లోంచి పసుపూ నూనే తెచ్చి కలిపి పూసి, దాని మీద అరచేయంత అద్దం అతికించాడు. ఎవరూ చూడకుండా అలమర వెనక పెట్టాడు. ఎనిమిది రోజులు ఆరనిచ్చాడు. తొమ్మిదో రోజు బొటనవేలి గోరు సందులో పెట్టి మెల్లగా నెట్టాడు. అద్దం జిగురుతో సహా ఊడి చేతిలోకొచ్చింది. బలమే పెట్టలేదు. జిగురు వెనకవైపు పచ్చగా ఉంది.

అప్పుడే చెప్పేస్తే అయిపోయేది. చెప్పలేదు. రాజలింగును తిట్టుకోదలిస్తే ఇక్కడ తిట్టుకోండి, నేనేం అడ్డురాను. సేటుకు చెబితే పని పోతుంది, రామనాథం ముందు పరువు పోతుంది, నది అవతలి పనులు పోతాయి. అవన్నీ పోయినా ఫరవాలేదనుకున్నా, అద్దం విప్పాక పసుపు కనబడుతుంది. ఎవరు పెట్టారంటారు. ఊరంతా భూదేవిని చూసి నవ్వుతుంది. ఇన్ని పోవడం కన్నా నాలుగు క్లిప్పులు ఉండిపోవడమే మేలనిపించింది. క్లిప్పులున్నంతసేపు అద్దం ఎక్కడికీ పోదు. వాటిని అలాగే ఉంచేసి, వానలు పడ్డాక ఏదో వంకతో విప్పి మళ్లీ అతికిద్దామనుకున్నాడు.

సేటుకు ఆ క్లిప్పులు నచ్చలేదు. "ఏంది మేస్త్రీ, పెండ్లిపిల్ల ముక్కుకు బట్టలు ఆరేసే క్లిప్పు పెట్టినట్టు? తీసెయ్యి."

"ఆరనియ్యుండ్రి సేటు. ఇంకో వారం."

"పక్కవన్నీ తీసినవు గద. దీనికే ఏమొచ్చింది?"

రాజలింగు నవ్వి తప్పించుకున్నాడు. ఆ నవ్వు అతని ముఖం మీద ఎంత అసహ్యంగా ఉందో అతనికే తెలుసు.

జూన్ ఒకటిన భూదేవిని తీసుకుని, తండ్రి సమ్మన్నను షోరూం తెరిచే పండుగకు పిలుచుకురావడానికి ఆయనుండే సాస్తికి వెళ్లాడు. అక్కడ మామిడిపండ్లు తిన్నాడు. రెండు వారాల్లో మొదటిసారి గాలి సంగతి మరిచాడు. అదే రోజు సేటు ఎర్రయ్యను నిచ్చెన ఎక్కించి నాలుగు క్లిప్పులూ తీయించేశాడు.

ఆ సంగతి రాజలింగుకు రెండో తారీకు పొద్దున తెలిసింది. పదిగంటలకు వాళ్లు ఆటో దిగేసరికి షోరూం ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. మొదటి వందమంది ఆడవాళ్లకు చీర ఊరికే ఇస్తామని సేటు కూపన్లు పంచాడు. వందమందీ దర్వాజ ముందు మెట్ల మీద నిలబడ్డారు. పైన అద్దం నున్నగా, ఏ క్లిప్పూ లేకుండా ఎండలో మెరుస్తోంది. ఇప్పుడు దానికి కింద అంచున రెండు చిన్న ఆనింపులు తప్ప ఏ ఆధారమూ లేదు. సందుల్లో పూసిన సన్నటి జిగురు గీత ఉంది గానీ అది వాన నీళ్లను ఆపుతుంది, అద్దాన్ని కాదు.

ఆ అద్దం పగిలితే గులకరాళ్లంత ముక్కలవుతుందని, ఎవరినీ కోయదని తయారుచేసినవాళ్లు చెబుతారు. నిజమే. అయితే పగలడానికి అది ముందు దేనికో ఒకదానికి తగలాలి.

"రా మేస్త్రీ, రా" అని సేటు వచ్చి చేయి పట్టుకున్నాడు. "పదకొండు గంటలకు ముహూర్తం. నీ ఇంటామెతోనే హారతి ఇప్పిస్త. ముఖం పెట్టిన మేస్త్రీ భార్య హారతి ఇస్తె మంచిదంట." భూదేవి సిగ్గుపడుతూ పళ్లెం అందుకుంది. ఆమెను తీసుకెళ్లి సరిగ్గా దర్వాజ నడుమ, ఆ అద్దం కింద నిలబెట్టారు.

సమ్మన్నకు లోపల చూడాలనిపించింది. కొడుకు చేసిన పని. రాజలింగు ఆయన్ని మేడ మీదికి తీసుకెళ్లాడు, ఎందుకు తీసుకెళ్తున్నాడో తనకే తెలియకుండా. సమ్మన్న ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేశాడు. బాయిలో దిగినవాడు మొదట చేసే పని, చేతికర్రతో పైకప్పును తట్టి వినడం. గట్టిగా ఉన్న కప్పు ఖంగుమంటుంది. పట్టు విడిచిన కప్పు బోలుగా మోగుతుంది. ఉద్యోగం దిగి పదేళ్లయినా ఆయనకు ఆ అలవాటు పోలేదు. ఎవరింటికి పోయినా గోడలు తడతాడు, పెళ్లివారి పందిరి గుంజను కూడా తడతాడు. కోడలు ఎన్నిసార్లు నవ్వినా మానలేదు.

ఇక్కడా తట్టాడు. కర్ర పిడితో ఒక్కో అద్దం అంచునా మెల్లగా. మొదటిది ఖంగుమంది. రెండోదీ అంతే. దర్వాజ మీది అద్దం దగ్గరికొచ్చి తట్టాడు. డబ్బుమంది. ఇంకో మూల తట్టాడు. అక్కడా అంతే. ముసలాయన కర్ర దించి కొడుకు ముఖంలోకి చూశాడు.

"ఇది పట్టలేదు, కొడుకా."

రాజలింగు అద్దం మీద చేయి పెట్టాడు.

"నీకు ఎరుకనే" అన్నాడు సమ్మన్న. అడిగినట్టు అనలేదు.

"ఎరుకనే, బాపు."

"ఎన్ని దినాలసంది?"

"పన్నెండు."

సమ్మన్న కోప్పడలేదు. కోప్పడి ఉంటే రాజలింగుకు కొంచెం నయంగా ఉండేది. ఆయన కిందికి, మెట్ల మీద నిలబడ్డ తలల వైపు చూశాడు. అందులో కోడలి తల, తల్లో మల్లెపూలు కనబడుతున్నాయి. "బాయిల గిట్ల మోగితె ఎవ్వర్ని అడగం. ఎవని తప్పు అనం. జరుగుమని ఒర్రుతం. అందరు జరిగినంక ఎవని తప్పో చూసుకుంటం. నా పక్కోడు ఒకడు ముందు మా మీది సర్దార్‌కు చెప్పి వస్త అని పోయిండు. వాడు వచ్చెసరికి నలుగురు లేరు."

అప్పుడే గాలి లేచింది. తొలకరికి ముందు వచ్చే దుమ్ముగాలి. రోడ్డు అవతల సేటు ఫ్లెక్సీ ఉబ్బి టపటపలాడింది. రాజలింగు చేయి అద్దం మీదే ఉంది. అద్దం ఆ చేతి కింద బయటికి, వెంట్రుకంత, కదిలింది. అతను దాన్ని చూడలేదు, చర్మంతో తెలుసుకున్నాడు. తర్వాత ఎలా మెట్లు దిగాడో అతనికి గుర్తులేదు.

"సేటు, అందర్ని పక్కకు జరుపుండ్రి. అద్దం పడుతది."

"ఏం మాట్లాడుతున్నవు? పావుగంటల ముహూర్తం."

"పడుతది సేటు. జరుపుండ్రి." రాజలింగు సేటు జవాబు కోసం ఆగకుండానే జనం వైపు తిరిగాడు. "జరుగుండ్రి అమ్మ, పక్కకు జరుగుండ్రి. బాజూలా వ్హా."

జరిగితే వాళ్లు కూపన్ల జనం ఎందుకవుతారు. ఎవడో వరస తప్పించడానికి వచ్చాడనుకుని ఇంకా దగ్గరికి ఒరుసుకున్నారు. వెనకవాళ్లు ముందుకు తోశారు. "ఆమ్హీ సకాళ్‌పాసూన్ ఉభే ఆహోత్" అంటూ ఒక పెద్దావిడ పొద్దుటి నుంచి నిలబడ్డానని తగువుకొచ్చింది. రాజలింగు ఆమె భుజం పట్టుకుంటే చేయి విదిలించింది. అతనికి ఏడుపొచ్చింది. పన్నెండు రోజులు నోరు మూసుకున్నవాడి మాట ఇప్పుడు ఎవరు వింటారు.

భూదేవి అతని ముఖం చూసింది. ఆసుపత్రిలో కళ్లు తెరిచిననాడు కూడా ఆ ముఖం అలా లేదు. ఎందుకు, ఏమిటి అని ఆమె అడగలేదు. హారతి పళ్లెం రెండు చేతులా పైకెత్తి, మెట్లు దిగి, రోడ్డు దాటి అవతలి మెడికల్ షాపు వైపు నడిచింది. హారతి ఎటు పోతే చీరలు అటే పోతాయని ఆడవాళ్లకు నమ్మకం. వందమందీ ఆమె వెనకాలే కదిలారు. పొద్దుటి నుంచి నిలబడ్డ పెద్దావిడ అందరికన్నా ముందు పరుగెత్తింది.

మెట్లు ఖాళీ అయ్యాయి. రాజలింగూ ఎర్రయ్యా చెరో నిచ్చెన వేసుకుని ఎక్కారు. అద్దాన్ని పట్టే రబ్బరు గిన్నెలు అంటించి, వాటికి తాళ్లు కట్టి, కొసలు డాబా పైకెక్కిన సమ్మన్నకిచ్చారు. రాజలింగు సందులోని సన్నటి గీతను బ్లేడుతో కోశాడు. రెండుసార్లు బ్లేడు తప్పింది. మూడు వైపులు కోసి నాలుగోది మొదలుపెట్టాడో లేదో, అద్దం దానంతటదే ముందుకొచ్చి వాళ్ల చేతుల మీద వాలింది. చప్పుడు కూడా చేయలేదు. పట్టి ఉంచింది ఏదీ లేకపోతే ఊడేటప్పుడు చప్పుడేం చేస్తుంది. తాళ్లు బిగిశాయి. మెల్లగా దించి మెట్ల మీద నిలబెట్టారు.

సేటు ఖాళీ చట్రం వైపు, అప్పటిదాకా భూదేవి నిలబడ్డ చోటు వైపు మార్చి మార్చి చూశాడు. ఆయన నుదుటి మీది బొట్టు చెమటకు కారింది. ముహూర్తం కోసం వచ్చిన రామనాథం ముందుకొచ్చాడు. "సరుకులో దోషమా?"

"సరుకు మంచిదే సార్. నేనే తుడువలే" అన్నాడు రాజలింగు నిచ్చెన మీద నుంచే.

"నువ్వా? రాసుకున్నవాడివి నువ్వొక్కడివే కదయ్యా. ఎందుకు తుడవలేదు?"

రాజలింగు చట్రం వైపు చూడకుండా ఉండాలని చాలా ప్రయత్నించాడు. "మరిచిన సార్."

చట్రం మాత్రం అందరికీ కనబడుతోంది. నాలుగు వైపులా పసుపు, మూలల్లో కుంకుమ బొట్లు, పెట్టిననాటిలాగే చెక్కుచెదరకుండా ఉన్నాయి. జిగురు వాటిని ఎండ తగలకుండా దాచింది. రోడ్డు అవతల భూదేవి చూసింది. అద్దం వైపు చూసింది, తను నిలబడ్డ మెట్టు వైపు చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

పళ్లెం పెద్దావిడ చేతిలో పెట్టి, రోడ్డు దాటి, జనం చూస్తుండగా లోపలికి పోయి మేడ మెట్లెక్కింది. అద్దం లేని చట్రంలో, బయట నిచ్చెన మీదున్న భర్తకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"గుడ్డ ఇయ్యి" అంది.

"నేను తుడుస్త తియ్, భూదేవి. నువ్వు కిందికి పో."

"నీతోని కాలేదు గద." "పెట్టింది నేను. నేనే తీస్త."

రాజలింగు స్పిరిట్ గుడ్డ ఇచ్చాడు. ఆమె మొదటి బొట్టు ముందు ఒక్కక్షణం కళ్లు మూసుకుంది. తర్వాత తుడవడం మొదలుపెట్టింది, పై అంచు, పక్క అంచు, మూలలు, ఒకసారి తడిగుడ్డతో, ఒకసారి పొడి గుడ్డతో, వేలిముద్రంత కూడా మిగలకుండా. తుడుస్తున్నంతసేపూ ఆమె ఎడమ చేయి చట్రం లోంచి బయటికొచ్చి, నిచ్చెన మీదున్న రాజలింగు మణికట్టును పట్టుకునే ఉంది. కడ్డీ ఉన్న చేయి అది. నొప్పి పుట్టింది గానీ అతను వదిలించుకోలేదు.